బాలింత బరువు ఎవరి లెక్క?

ప్రతి ఏడాదీ ఆగస్టు మొదటి వారం వచ్చేసరికి తల్లిపాల వారోత్సవాలు మొదలవుతాయి. 1992లో ప్రపంచ స్థాయిలో ప్రారంభమైన ఈ వారోత్సవాలు ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా, అంగన్‌వాడీల దాకా వచ్చాయి. మంచిదే. డబ్బాపాల కంపెనీల మీద స్త్రీలూ, ఆరోగ్య కార్యకర్తలూ దేశదేశాల్లో పోరాడకపోతే 1981 నాటి అంతర్జాతీయ నియమావళి గానీ, మన దేశంలో 1992లో వచ్చిన డబ్బాపాల నియంత్రణ చట్టం గానీ ఉండేవి కావు. ఆ పోరాటాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ వారంలో గోడల మీద అంటించే పోస్టర్లను ఒకసారి నిలబడి చూడండి. బిడ్డ ముఖం కనిపిస్తుంది. తల్లి రొమ్ము కనిపిస్తుంది. తల్లి ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో, వంట ఎవరు చేశారో కనిపించదు. బిడ్డకు కలిగే లాభాలన్నీ వరసగా చెప్పాక, తల్లికి కూడా ఒక లాభం ఉందన్నట్టు చివర్లో ఒక మాట చేరుస్తారు: పాలిస్తే ఒళ్లు తగ్గుతుందని. ఈ ఒక్క మాట మీదే నా పేచీ.

ఈ మాట ఎవరిని ఉద్దేశించి రాశారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నవారు తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. తక్కువ బరువున్నవారు తెలంగాణలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం. రక్తహీనత ఉన్నవారు రెండు రాష్ట్రాల్లోనూ సగానికి మించి ఉన్నారు, తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రలో 58.8 శాతం. అంటే ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే వీధిలో, ఒళ్లు చేసిన బాలింత, చిక్కిపోయిన బాలింత ఇద్దరూ ఉన్నారు. ఒళ్లు చేసినా రక్తం లేని స్త్రీలు కూడా ఉన్నారు. వీళ్లందరికీ కలిపి ‘ఒళ్లు తగ్గుతుంది’ అన్న ఒకే వరాన్ని ప్రకటించడంలో అజ్ఞానం ఒక్కటే లేదు. తల్లి శరీరాన్ని చూసే ఒక దృష్టి ఉంది.

పాలు ఊరికే రావు

పాలివ్వడం ప్రకృతి సహజం అంటారు. సహజమైనదల్లా ఉచితం అని అర్థం చెప్పడం పితృస్వామ్యానికి మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఈ ‘ఉచితం’ ఖరీదెంతో ఒకసారి లెక్క వేద్దాం.

మన హైదరాబాదులోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ తయారుచేసిన సిఫార్సుల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, ఆ తర్వాత ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలి. 600 కేలరీలు అంటే మన వంటింటి భాషలో ఏమిటి? సుమారు వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నం, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఒక చెంచా నూనె. అంటే రోజూ తినేదానికి తోడు ఇంకో పూట భోజనం. ఆరు నెలలకు ఇది 1,08,000 కేలరీలు. గర్భంతో ఉన్నప్పుడు తిండి బాగా అందిన స్త్రీ శరీరం పాల కోసం మూడు నాలుగు కిలోల కొవ్వును దాచిపెట్టుకుంటుంది. కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానం. ఆ దాపుడు మొత్తం ఖర్చయినా ముప్పై ఒక్క వేల కేలరీలు దాటదు. మిగతాది తల్లి తినాలి, లేదా విశ్రాంతి తీసుకుని వేరే ఖర్చు తగ్గించుకోవాలి. మూడో దారి లేదు. ఉన్న మూడో దారి ఆమె కండే.

పేద తల్లుల పాల మీద 1950లలోనే డాక్టర్ సి. గోపాలన్ అధ్యయనం చేశారు. ఆయన అధ్యయనంలోనూ, తర్వాత ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాల్లోనూ తేలిన విషయం ఒకటే. తల్లి తిండి చాలకపోయినా పాలలోని మాంసకృత్తులు పెద్దగా తగ్గవు. పాల పరిమాణం కొంత తగ్గినా నెలల తరబడి పాలు వస్తూనే ఉంటాయి. విటమిన్లు మాత్రం తగ్గుతాయి. కాల్షియం తల్లి ఎముకల నుంచి వస్తుంది. పాలిచ్చే నెలల్లో ఎముకల సాంద్రత మూడు నుంచి అయిదు శాతం దాకా తగ్గి, పాలు మాన్పించాక తిరిగి పుంజుకుంటుంది. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం లేని స్త్రీ శరీరానికి ఆ కోలుకునే వ్యవధి కూడా దొరకదు.

ఈ వాస్తవాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. తల్లి ఎంత బలహీనంగా ఉన్నా పాలివ్వగలదు కాబట్టి ఎవరూ కంగారు పడనక్కరలేదని చదవవచ్చు. మన ఆరోగ్య శాఖలు ఇంతకాలం అలాగే చదివాయి. బిడ్డకు కావలసినదంతా తల్లి తన ఒంట్లోంచి తీసి ఇస్తున్నది కాబట్టి ఆ లోటును పూడ్చవలసిన బాధ్యత ఇంటికీ సమాజానికీ ప్రభుత్వానికీ ఉందని కూడా చదవవచ్చు. మనం చదవవలసింది ఇలా.

పథ్యానికీ పొట్టే భయం

కొన్నేళ్లుగా ఖమ్మం, వరంగల్ ప్రాంతాల పల్లెల్లో బాలింతల తిండి గురించీ పని గురించీ మాట్లాడుతూ వచ్చాను. పథ్యం కులాన్ని బట్టీ ఇంటి స్థితిని బట్టీ మారుతుంది. కొందరిళ్లలో పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. ఇంకొందరిళ్లలో కారం మెతుకులే. పప్పు వాతం, ఆకుకూర జలుబు, గుడ్డు వేడి, పండు చలవ. చివరికి నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లున్నాయి. ఎందుకని అడిగితే పచ్చి ఒళ్లు కాబట్టి అంటారు. కాస్త గుచ్చి అడిగితే అసలు మాట బయటికొస్తుంది. మిరపకాయలు ఏరే కూలీకి వెళ్లే ఒకామె నాతో అన్నది: “నీళ్లు తాగితే పొట్ట వస్తదని మా అత్త రెండు గిలాసలే ఇచ్చేది మేడం. నోరు పిడచకట్టుకపోయేది. పొట్ట రాలే. పాలు గూడ రాలే.”

పొట్ట రాకూడదన్న భయం పట్నం జిమ్ములో పుట్టిందని మనం అనుకుంటాం. నడుముకు బిగించి కట్టే నడికట్టులోనూ, కొలిచి పోసే నీళ్లలోనూ అది ఎప్పటి నుంచో ఉంది. బిడ్డను కన్న గుర్తులు స్త్రీ ఒంటి మీద మిగలకూడదన్న కోరిక పాతదే. ఇప్పుడు దానికి బెల్టు, పొడి, యంత్రం తోడయ్యాయి.

పథ్యం పాటించే మన తల్లులను మూఢులని తిట్టే ఆరోగ్య ప్రచారంతో కూడా నాకు ఏకీభావం లేదు. ఆ పథ్యంలోనే నూనె మర్దన, వేణ్ణీళ్ల స్నానం, నలభై రోజులు మంచం దిగనక్కరలేని విశ్రాంతి ఉన్నాయి. కోస్తాలో పాలు పడతాయని పాల సొర చేప వండి పెట్టేదీ, వెల్లుల్లి నేతిలో వేయించి పెట్టేదీ ఈ పెద్దవాళ్లే. ఒక ఆడదానికి జీవితంలో ఒకరు వండిపెట్టగా కూర్చుని తినే అవకాశం దొరికేది పుట్టింటి పురిటిలోనే. ఇవాళ జరుగుతున్న విచిత్రం ఏమిటంటే, కూలీ ఇళ్లలో పథ్యంలోని విశ్రాంతి పోయింది, ఆంక్షలు మిగిలాయి. నెల తిరక్కుండా చేలోకి వెళ్లక తప్పని స్త్రీకి గుడ్డూ పప్పూ మాత్రం మూడో నెల దాకా పడవు!

పట్నంలో అదే కథ

ఇక పట్నం వైపు వద్దాం. నేను బిడ్డను కన్న ప్రైవేటు ఆసుపత్రిలో బాలింతల గది గోడకు ఒక పట్టిక ఉండేది. ఆరు వారాల్లో ‘పూర్వపు రూపానికి’ రావడం ఎలాగో అందులో రాసి ఉంది. కుట్లు ఇంకా మానలేదు. నేను కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవాలి. తనిఖీకి వచ్చిన డాక్టరమ్మ బిడ్డ తూకం చూసి సంతోషించింది, నా తూకం చూసి “ఇప్పటినుంచే కంట్రోల్ చేసుకోవాలమ్మా” అన్నది. నాకు నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఇంట్లో చేసిపెట్టేవాళ్లున్నారా అని ఒక్క ప్రశ్న లేదు. నేను సోషియాలజీ చదువుకున్న దాన్ని, ఆ మాట ఏ వ్యవస్థ నుంచి వస్తోందో విడమర్చి చెప్పగలిగిన దాన్ని. అయినా ఆ రాత్రి అన్నం సగం వదిలేశాను. చదువు మనల్ని అద్దం నుంచి కాపాడదు.

అదే సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి గాయం మానడానికి తిండి కావాలి, పాలకు తిండి కావాలి, రాత్రి నాలుగుసార్లు లేవడానికి తిండి కావాలి. ఆ మనిషికి మార్కెట్ అమ్ముతున్నది పొట్ట తగ్గించే బెల్టు. ఒక చేత్తో బెల్టు అమ్మి, ఇంకో చేత్తో పాలు పడటానికని చక్కెర కలిపిన పొడి డబ్బా అమ్ముతున్నారు. 1992 చట్టం డబ్బాపాల ప్రకటనలను, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. 2003లో సవరించి ఇంకా గట్టి చేశారు. కానీ తల్లికి అమ్మే పొడులు ఆ చట్టం కిందికి రావు. బిడ్డ వైపు తలుపు మూస్తే వ్యాపారం తల్లి వైపు తలుపులోంచి వచ్చింది.

ఇక్కడ శాస్త్రం ఏం చెప్తుందో సూటిగా చెప్పడం అవసరం, ఎందుకంటే మన కార్యకర్తలను స్త్రీలు అడిగేది ఇదే. పాలివ్వడం వల్ల ఒళ్లు తప్పకుండా తగ్గుతుందన్న హామీ లేదు. కొందరికి తగ్గుతుంది. కొందరికి ఆకలి పెరిగి, నిద్ర చెడి, తగ్గదు. తగ్గకపోవడం ఆమె తప్పు కాదు, ఆమె సరిగా పాలివ్వడం లేదనడానికి రుజువూ కాదు. అధిక బరువున్న తల్లి పాలు కుదురుకున్నాక మెల్లగా, వారానికి అర కిలో మించకుండా తగ్గించుకుంటే బిడ్డకు నష్టం లేదు. పూటలు మానేయడం, అన్నం పూర్తిగా ఎత్తేయడం, నీళ్లు తగ్గించడం మాత్రం పనికిరావు. అన్నిటికంటే ముఖ్యం, బాలింత బరువు ఉన్నట్టుండి పడిపోయినా, పెరిగినా అది జబ్బుకు గుర్తు కావచ్చు. కాన్పు తర్వాత థైరాయిడ్ వాపు వస్తుంది. మన దేశంలో చిక్కిపోతున్న బాలింతకు క్షయ పరీక్ష చేయించాలి. తిండి సయించక, ఏడుస్తూ, ఎవరితోనూ మాట్లాడని మనిషిది కాన్పు తర్వాతి మానసిక కుంగుబాటు కావచ్చు. ‘బాలింత కదా, పీక్కుపోక ఏమవుతుంది’ అనే మాట మాటున ఎన్ని జబ్బులు దాక్కుంటున్నాయో ఆలోచించండి.

చట్టం ఉంది, పూట లేదు

బాలింతకు తిండి దయతో వేసేది కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం గర్భిణికీ, కాన్పు తర్వాత ఆరు నెలల దాకా తల్లికీ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం అందాలి. ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ప్రసూతి భత్యం ఇవ్వాలి. ఆ చట్టం కింద 2017లో తెచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన పథకం ఏం చేసింది? 6,000ను 5,000 చేసి, అదీ మొదటి కాన్పుకే అన్నది. 2022 నుంచి రెండో కాన్పుకు 6,000 ఇస్తున్నారు, ఆడపిల్ల పుడితేనే. మగబిడ్డను కన్న తల్లి పాలకు కేలరీలు ఖర్చు కావని కాబోలు ఈ పథకం రాసినవాళ్ల నమ్మకం!

తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలైంది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట భోజనం. నేను పైన వేసిన 600 కేలరీల లెక్కను ఆ భోజనం తీర్చగలదు. అందుకే దాన్ని ఎవరు తేలిగ్గా మాట్లాడినా ఒప్పుకోను. సమస్య అది ఆమె నోటిదాకా రావడంలో ఉంది. పొద్దున్నే చేలోకి వెళ్లి పొద్దుగూకాక వచ్చే కూలీ మధ్యాహ్నం కేంద్రానికి ఎలా వస్తుంది? పురిటి మంచం మీదున్న మనిషి గడప ఎలా దాటుతుంది? సరుకులు ఇంటికి ఇస్తే గుడ్డు ముందు మగపిల్లవాడి కంచంలోకి, పాలు టీలోకి పోతాయి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి ప్రభుత్వం ఇచ్చిందీ మిగిలితేనే దక్కుతుంది.

ఆ భోజనం వండిపెట్టే అంగన్‌వాడీ టీచర్, ఆయాల సంగతి వేరే కాదు. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగితే గౌరవ వేతనం, సమ్మె చేస్తే అత్యవసర సేవ! పాలిచ్చే తల్లిది సహజ ధర్మం, ఆమెకు అన్నం పెట్టే స్త్రీది స్వచ్ఛంద సేవ. ఈ రెండు పనులనూ పనులుగా గుర్తించకపోవడానికి మూలం ఒకటే.

ఉద్యోగాలు చేసే స్త్రీల మాటకొస్తే, 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చేర్చారు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు అంతకుముందే ఉన్నాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. కాగితం మీద చాలా బాగుంది. కానీ మేస్త్రీ కింద పనిచేసే స్త్రీకి యజమాని ఎవరు? ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీ ఏ కేంద్రానికి వెళ్లాలి? పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక స్త్రీని కూలీ ఇచ్చి పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూడా చెప్పింది. నేను వెళ్లిన పనిచోట్ల చెట్టు కొమ్మకు కట్టిన చీర ఊయల, దాన్ని ఊపే ఏడేళ్ల అక్క తప్ప ఇంకేమీ చూడలేదు.

మన వైపు చూసుకుందాం

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ప్రభుత్వం కాదు, మనం. మన స్వచ్ఛంద సంస్థల్లో ఈ విషయం మీద రెండు రకాల నిర్లక్ష్యం ఉంది.

ఒకటి, బరువు గురించి మాట్లాడటం మధ్యతరగతి ఆడవాళ్ల సోకు అన్న భావన. కడుపునిండా తిండి లేని వాళ్ల మధ్య పనిచేస్తూ ఒళ్లు తగ్గడం పెరగడం గురించి చర్చేమిటి అంటారు. బరువు తగ్గమని ఒత్తిడి చేసేదీ, తిండి కొలిచి పెట్టేదీ రెండూ స్త్రీ తన ఆకలిని తానే నిర్ణయించుకునే హక్కును లాక్కుంటున్నాయి. ఒక చోట అత్త, ఒక చోట డాక్టరు, ఒక చోట ప్రకటన. లాక్కునే చేతులు వేరైనా పోయేది ఒకటే. ఇద్దరి కష్టం సమానమని నేను అనడం లేదు. కంచం ఎదురుగా పెట్టుకుని తినలేకపోవడం, కంచమే లేకపోవడం ఒకటి కావు. కానీ ఒకరి సమస్యను సోకు అని తీసిపారేస్తే రెండోవారి సమస్యకు మూలం కూడా దొరకదు.

రెండోది, మన సొంత రికార్డులు. గర్భిణిగా ఉన్నప్పుడు ప్రతి తనిఖీలో ఆమెను తూకం వేస్తాం, ఎందుకంటే లోపల బిడ్డ ఉంది. కాన్పు అయిన మరునాటి నుంచి నేను చూసిన ఏ కేంద్రంలోనూ, ఏ సంస్థ రిజిస్టరులోనూ తల్లి తూకానికి గడి లేదు. బిడ్డ తూకం మాత్రం నెలనెలా రేఖ గీసి చూస్తాం. దాత సంస్థలకు పంపే నివేదికల్లోనూ బిడ్డ బరువే ఫలితం, తల్లి ఆ ఫలితానికి సాధనం. స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్నామని చెప్పుకునే మనం కూడా స్త్రీని బిడ్డ చుట్టూ ఉన్న పొట్టుగానే చూస్తున్నామని ఆ రిజిస్టర్లు చెప్తున్నాయి.

తూకం వేస్తే అది ఇంకో నిఘా కాదా అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. కుటుంబ నియంత్రణ పేరుతో మన శరీరాల మీద జరిగిన లెక్కల చరిత్ర మరిచిపోయేది కాదు. అందుకే ఆ లెక్క ముందు ఆమె చేతిలో ఉండాలి. ఆమెకు చెప్పకుండా రాయకూడదు, ఆమె వద్దంటే వేయకూడదు. ఆ అంకెతో ఆమెను మందలించకూడదు. బరువు పడిపోతుంటే ‘నువ్వెందుకు తినడం లేదు’ అని కాదు, ‘నీకు ఎవరు వండుతున్నారు, ఏ పూట తింటున్నావు, పనికి ఎప్పుడు వెళ్లావు’ అని అడగాలి. జవాబు ఇంటికి సంబంధించినదైతే ఇంట్లో మగవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. పథకానికి సంబంధించినదైతే మండల కార్యాలయానికి నడవాలి.

మనం అడగవలసినవి ఇవీ. కాన్పుల సంఖ్యతో, బిడ్డ ఆడా మగా అన్నదానితో పని లేకుండా ప్రతి తల్లికీ చట్టం చెప్పిన ప్రసూతి భత్యం, అదీ ఆరు నెలల కూలీకి సరిపోయేంత. పురిట్లో ఉన్న తల్లికి వండిన భోజనం ఇంటికి చేర్చడం, కూలీకి వెళ్లే తల్లికి ఆమె వీలైన వేళకు పెట్టడం. ఆ పని చేసే స్త్రీలకు కార్మికుల జీతం. పనిచోట పిల్లల కేంద్రం, దాని ఖర్చు ఒక్క యజమాని మీద పడి అతను ఆడవాళ్లను పనిలోకి తీసుకోవడం మానేయకుండా అందరి నుంచీ వసూలు చేసే నిధి. తల్లికి అమ్మే పొడుల ప్రకటనల మీద నియంత్రణ. ప్రతి రికార్డులోనూ కాన్పు తర్వాత ఏడాది దాకా తల్లి ఆరోగ్యానికి చోటు.

వచ్చే ఆగస్టులో మన సంఘాలకు మళ్లీ పోస్టర్లు వస్తాయి. వాటిని అంటించే ముందు మీ ఊళ్లో ఆ నెల కాన్పయిన తల్లుల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, బిడ్డను ఎత్తుకునే ముందు, నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా అని అడగండి. వచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్టుగా రాసి పోస్టరు పక్కన అంటించండి. ఊరు రెండూ చదువుతుంది.